పుట్టిలో అక్క జాగ

పుట్టి ఎక్కేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చోవాలో మనం నిర్ణయించుకోం. పుట్టి నడిపే అన్న చెబుతాడు.

"నువ్వు ఈడ. అక్క ఆడ, ఎదురుంగ. కదిలితే ఇద్దరు నీళ్లల్లనే ఉంటరు, తర్వాత నన్ననొద్దు," అన్నాడు ఆయన.

వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి బుట్ట అది. ముందూ వెనకా లేని పడవ. నేను సివిల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి దాని సంగతి చూడగానే అర్థమైంది. బరువు ఒక పక్కకు ఒరిగితే తిరుగుతుంది, ఇంకొంచెం ఒరిగితే మునుగుతుంది. అక్క నాకెదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుంది. ఆమెతో మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు దొరకదు. కానీ పుట్టి ఒడ్డు వదిలిన క్షణం నుంచి మౌనం మొదలని ధ్యానం నడిపే సిస్టరమ్మ ముందే చెప్పింది. అక్క నీళ్ల వంక చూస్తూ కూర్చుంది. నేను అక్క వంక చూస్తూ కూర్చున్నాను.

ఇబ్రహీంపట్నం దాటాక వచ్చే ఆ చెరువు నా చదువు రోజులంతా ఎండిపోయే ఉంది. కాలేజీ ఎగ్గొట్టి బైకుల మీద చెరువు నడుమనున్న గుట్ట దాకా పోయేవాళ్లం. తర్వాత ఒక ఏడాది వానలు దంచికొట్టి చెరువు నిండింది. గుట్ట దీవి అయింది. దాని మీద కాన్వెంటు సిస్టర్లు ఎప్పుడో కట్టుకున్న రాతి గది, రెండు రేకుల షెడ్లు, ఒక వంటపాక మిగిలాయి. జనం రావడం ఆగిపోయాక, మౌనధ్యానానికి ఇదే సరైన చోటని సిస్టరమ్మ అనుకుందట.

సిస్టరమ్మది ఐర్లాండ్. వయసులో ఉండగా వచ్చి, యాచారం దిక్కు ఊర్లలో దవాఖాన నడిపి, అక్కడే తెలుగు నేర్చుకుంది. ఆమె తెలుగు మా అమ్మ తెలుగు కంటే పాతది. కరపత్రం మీద తన దేశపు పాత పేరుతో 'కెల్టిక్ ఆధ్యాత్మిక ధ్యానం, మూడు రోజులు' అని అచ్చు వేయించింది కానీ, నోటితో చెప్పేటప్పుడు, "మా దేశంల పాతకాలపు సన్యాసులు గిసొంటి గుండ్రటి పుట్టిలనే సముద్రంల పోయేటోళ్లు. మాయి తోలు పుట్టిలు. కొందరైతే తెడ్డు గూడ పట్టకపోదురు. గాలి యాడికి తీస్కపోతే ఆడ దిగి, గా దీవి మీదనే ఉండిపోదురు," అంది.

ఉండిపోవడం అనే మాట దగ్గరే మా ఇంట్లో గొడవ.

అక్క సాగర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఈ ధ్యానం పూర్తయ్యాక తిరిగి ఇంటికి రానని, ఆ దీవి మీదే ఉండి సిస్టర్లలో చేరతానని ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక అన్నం ముందు కూర్చుని చెప్పింది. మేము చర్చిని గుడి అనే అంటాం, తరతరాలుగా ఆ గుడికి పోయే కుటుంబమే. అయినా అమ్మ కంచం పక్కకు నెట్టేసింది. బాపు అప్పటికే లేడు. మీర్‌పేట్‌లో మా రెండు గదుల ఇంట్లో మేం ముగ్గురమే. అమ్మ జాకెట్లు కుట్టేది. నేను తుక్కుగూడ దగ్గర ఒక వెంచర్‌లో పనిచేసేవాణ్ణి. పొలాలను ప్లాట్లుగా కొలిచి, సున్నం గీతలు గీయించి, హద్దురాళ్లు పాతించి, వాటి మీద నంబర్లు వేయించడం నా పని. పొద్దున చెలక అని పిలిచిన నేల సాయంత్రానికి ఈస్ట్ ఫేసింగ్ అయ్యేది. అవి అలాంటి రోజులు.

"నువ్వు గూడ పేరు రాయించుకో," అంది అమ్మ నాతో. "గా మూడు దినాలు దాని పక్కనే ఉండు. నువ్వు ఇంజినీరువు గద, మంచిగ సమజ్ చేసి తోల్కరా."

"అమ్మా, ఆడ మాట్లాడొద్దంట."

"మాట్లాడకుంటె మనుషులు మూడు దినాలు ఏం జేస్తర్రా? అందరు గట్లనే చెప్తరు. ఏదో ఒక యాళ్లకు దొరుకుతది."

ఆ మాట నేనూ నమ్మాను. మా ఇంట్లో, మా వీధిలో, మా సైటులో పూర్తిగా నోరు మూసుకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు. బయలుదేరే ముందే ఆరు పాయింట్లు తయారు చేసుకున్నాను. కాగితం మీద కాదు, తలలో. ఫోన్లు, పుస్తకాలు, పెన్నులు అన్నీ ఒడ్డున ఒక ఇనప పెట్టెలో పెట్టించుకుంటారని తెలుసు. అమ్మ, ఉద్యోగం, పెళ్లి, బాపు, లోకం. ఇవి ఐదు. ఆరోది ఇంకా సరిగ్గా తేలలేదు. ఉందని మాత్రం తెలుసు.

దీవి మా సైటులో నాలుగైదు ప్లాట్లంత ఉంటుంది. మొదటి రోజు మధ్యాహ్నానికే దాన్ని పూర్తిగా చూసేశాను. తూర్పున బండలు. పడమట పుట్టి ఆగే చోటు. నడుమ మనిషెత్తు నిలువురాయి ఒకటి. దాని చుట్టూ సూర్యుడు తిరిగే దిక్కుగా మెల్లగా నడవాలి. అది వాళ్ల దేశపు అలవాటట. సిస్టరమ్మ ముందు, మిగిలిన ఏడెనిమిది మందిమి వెనక. అక్క ఎప్పుడూ నాకు సరిగ్గా అవతలి వైపు ఉండేది. నేను వేగం పెంచితే ముందున్న మీర్‌పేట్ రిటైర్డు మాస్టారి మడమలు తొక్కేవాణ్ణి. తగ్గిస్తే వెనకున్నావిడ దగ్గేది. అక్కకూ నాకూ మధ్య ఎప్పుడూ ఆ రాయి.

చుట్టూ నీళ్లు. నీళ్లకు అవతల వెంచర్ల కమానులు, రంగురంగుల జెండాలు, ఎర్ర మట్టి రోడ్ల మీద టిప్పర్లు. ఎక్కడో జేసీబీ వెనక్కి నడిచేటప్పుడు కొట్టే కూత నీళ్ల మీదుగా వచ్చేది. ఆ కూత వినగానే నాకు ప్రాణం లేచొచ్చేది. నాకు తెలిసిన లోకం అక్కడే, కళ్లెదురుగా ఉంది. కానీ పోలేను. ఈత వచ్చు, అయినా అక్క లేకుండా ఒడ్డుకు పోయి అమ్మకు ఏం చెప్పాలి? మాట్లాడాల్సిన మనిషి పక్కనే ఉంది. మాట్లాడలేను. భోజనం దగ్గర అక్క ఉప్పు అందించింది. నేను తీసుకున్నాను. మా మధ్య ఆ రోజు జరిగిన సంభాషణ అదే.

సాయంత్రం వంటపాక నా వంతు వచ్చింది. గిన్నెలు కడిగాను, నేల తుడిచాను, చివరగా పొయ్యి చూశాను. ఎర్రగా కణకణలాడుతోంది. మా సైటులో లేబర్ షెడ్ల దగ్గర రోజూ పని ముగిశాక పొయ్యిలు ఆర్పించేది నేనే. రేకుల షెడ్లు, ఎండు గడ్డి, గాలి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బకెట్టెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించి, కర్రతో కలిపి, ఆరిందని చేత్తో ముట్టుకుని చూసి, నిశ్చింతగా వెళ్లి పడుకున్నాను.

పొద్దున చాయ్ లేదు. అందరం పొయ్యి చుట్టూ నిలబడి నల్లటి బురద వంక చూస్తున్నాం. ఎవరూ నన్ను తిట్టలేరు, మౌనం. నేను సంజాయిషీ చెప్పుకోలేను, మౌనం. మాస్టారు నా వంక చూసిన చూపులో మాత్రం ఒక పేరాగ్రాఫు ఉంది. అప్పుడు సిస్టరమ్మ పకపకా నవ్వింది.

"నిన్న నేనే చెప్పాలె, మర్సిపోయిన," అంది. ఆ మూడు రోజుల్లో మాట్లాడే హక్కు ఆమె ఒక్కదానికే ఉంది. "మా అమ్మ ఉంటే నిన్ను గీ చెర్వులనే ముంచుతుండె కొడుకా. మా ఇండ్లల్ల నిప్పు ఆర్పరు. రాత్రి బూడిద కప్పి, దేవుని తల్సుకొని, పండవెడ్తరు. తెల్లారి మల్ల లేపుతరు. నానమ్మ నిప్పు మనవరాలి దాంక వస్తది. ఆరిపోతే పక్కింటికి పోయి అడుక్కోవాలె. ఈడ పక్కిల్లు యాడున్నది?"

పక్కిల్లు చెరువులోనే ఉంది. వలలు తీసుకుంటున్న పుట్టి అన్నను ఆమె చప్పట్లు కొట్టి పిలిచింది. ఆయన పుట్టిని తిప్పుకుంటూ వచ్చి, లుంగీ మడతలోంచి అగ్గిపెట్టె తీసి విసిరాడు.

"ఎవలమ్మా ఆర్పింది?"

 అందరూ నా వంక తిరిగారు.

"ఓ, ఇంజినీరు సారా!" అన్నాడు. "గందుకే పొగ కనవడలే. సారు, నీళ్ల నడుమ ఉండి నిప్పుకు భయపడ్తవా? మస్తుగుంది నీ ఫికర్."

ఆయన పుట్టిలో ఇంకా ఒక మనిషికి చోటు పెట్టుకుని నా ఎదురుగా నిలిచి ఉన్నాడు. ఎక్కేసి వెళ్లిపోవచ్చు. కాలు నిజంగానే ముందుకు పడింది. అక్క వంటపాక గుంజను పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది. ఆ చూపులో వద్దనీ లేదు, పో అనీ లేదు. కాలు వెనక్కి తీసుకున్నాను. పుట్టి తిరుగుతూ పోయింది.

ఆ రోజు పొద్దుగూకే వేళ అక్క తానే వంటపాకకు వచ్చింది. నేను మళ్లీ ఏం చేస్తానోనని కావచ్చు. నా చేతిలో కర్ర తీసుకుని నిప్పుకణికలను మూడు కుప్పలు చేసింది, వాటిని దగ్గరికి జరిపింది, బూడిదను దోసిలితో తెచ్చి చంటిపిల్లకు దుప్పటి కప్పినట్టు కప్పింది. పెదవులు కదులుతున్నాయి కానీ శబ్దం లేదు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె భుజాలు కిందికి జారి, తేలిగ్గా ఉన్నాయి. మా ఇంట్లో అక్క భుజాలు అలా నేనెప్పుడూ చూడలేదు.

పాకలో మేమిద్దరమే. ఇదే సమయం. "అక్కా," అన్నాను. రెండు రోజుల తర్వాత నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "అమ్మ తినుడు బంద్ చేసింది. నువ్వు..."

 అక్క చూపుడు వేలు చాపి, నా చుట్టూ మెల్లగా నడుస్తూ గాలిలో ఒక వలయం గీసింది. అంతకుముందు రోజు సిస్టరమ్మ నేర్పిన ప్రార్థన అది. కావాల్సిన వాళ్ల చుట్టూ అలా గీసి, మంచి లోపల ఉండాలని, భయం బయట ఉండాలని కోరుకుంటారు. అక్క ఒక చుట్టు పూర్తి చేసి, నా తల మీద చెయ్యి పెట్టి, వెళ్లిపోయింది.

సైటులో నేను ఎన్నో వలయాలు గీయించాను. నడుమ మేకు, మేకుకు తాడు, తాడు చివర సున్నం. అది గీశాక దాని మీదుగా మేస్త్రీలు, మేకలు, ఎవరైనా నడిచిపోవచ్చు. ఇది గాలిలో వేలితో గీసింది, కంటికి కనబడదు. అయినా అందులోంచి బయటికి అడుగు పెట్టడానికి చాలాసేపు నాకు కాళ్లు రాలేదు. కావాలనే నన్ను లోపల పెట్టి పోయిందనిపించింది. కోపం వచ్చింది. మిగతా పాయింట్లన్నీ గొంతులో అలాగే ఉండిపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం పుట్టి రావాలి. తెల్లవారకముందే వాన మొదలైంది. చుక్కలు రేకుల మీద పడుతుంటే జేసీబీ కూత కూడా వినబడలేదు. ఒడ్డు మాయమైంది. కమానులు, జెండాలు, టిప్పర్లు ఏవీ లేవు. బూడిద రంగు నీళ్లు, అదే రంగు ఆకాశం. మధ్యాహ్నం దాటాక వాన కాస్త సన్నబడితే, ఒడ్డు నుంచి పుట్టి అన్న కేక ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"అలుగు పారుతున్నదీ! రేపొస్తా!"

చెరువు నిండి కట్ట చివర అలుగు మీదుగా నీళ్లు దూకుతున్నప్పుడు పుట్టి వేస్తే, ఆ గుంజుడుకు అది అటే పోతుంది. తెడ్డుతో ఆపడం కుదరదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా బండల చివరిదాకా పోయి, తడుస్తూ నిలబడ్డాను. మూడు రోజులని ఒప్పుకుని వచ్చాను, నాలుగో రోజుకు కాదు. సోమవారం పొద్దున నేను సైటులో లేకపోతే నా మేకులు ఎవరు చూస్తారు? ఒడ్డున అమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంటుందేమో. కేక వేసినా వినబడదు. మాస్టారు కూడా వచ్చి నా పక్కన నిలబడి నీళ్ల వంక చూశారు. ఆయనకూ ఇల్లుందని అప్పుడు గుర్తొచ్చింది.

సిస్టరమ్మ అందరినీ రాతి గదిలోకి పిలిచింది. "ధ్యానమైతే అయిపోయింది. పుట్టి రాకుంటె నేనేం జెయ్య? ఇగ మాట్లాడుకోండ్రి," అంది.

కట్ట తెగినట్టు అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. మాస్టారు ముందుగా నా వైపు తిరిగి, "ఏం నాయనా, చాయ్ లేకుండ చంపినవ్ గదా నన్ను," అన్నారు. నిన్న పొద్దుటి నుంచి దాచుకున్న మాట అది.

అక్కా నేనూ వంటపాకలో పొయ్యి ముందు కూర్చున్నాం. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"చెప్పు," అంది. "వచ్చినప్పటి సంది నీ పెదవులు కదుల్తనే ఉన్నయ్. నంబర్లు ఏసుకొనే వచ్చుంటవ్ నువ్వు."

"ఒకటి, అమ్మ."

"అమ్మ తిండి బంద్ చేయలే. నువ్వు కూడ చేయలే. రెండు?"

"నీ నౌకరి. గింత చదివి..."

"పుట్టి ఎక్కి పోయి సిస్టర్ల దవాఖానల చేస్త. గదే సూది, గదే జరం. మూడు?"

"పెండ్లి."

"నువ్వు చేస్కో. నాలుగు?"

"బాపు ఉంటే ఒప్పుకుంటుండెనా?"

ఇక్కడ అక్క ఆగింది. ఒక కట్టెపుల్ల పొయ్యిలోకి నెట్టింది. "నాకు తెల్వదు. నీకు తెల్సా?"

"తెల్వదు."

"మరి గది పాయింటెట్లయితది? కొట్టెయ్."

"లోకమంతా ముందుకు పోతుంటె నువ్వు గీ రాళ్ల మీద..."

"నువ్వేం జేస్తున్నవ్‌రా? నువ్వు గూడ రాళ్లే పాతుతున్నవ్. నంబరేసి."

నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టేనని ఆపుకున్నాను.

"ఆరు?" అంది అక్క.

మూడు రోజులుగా తేలని ఆరోది అప్పుడు నోట్లోకి వచ్చింది. "నువ్వు రాకుంటె గా ఇంట్ల నేనొక్కణ్ణే అయిపోత. అమ్మ ఏడిస్తె నేనొక్కణ్ణే వినాలె. జరమొస్తె నేనొక్కణ్ణే చూడాలె. యాడికన్న పోదామంటె నేనే పోలేను. నువ్వు ఈడికొస్తె నేను ఆడ బందయిపోత."

 అక్క నా వైపు తిరిగి కూర్చుంది.

"గిది మొదాలే చెప్పాలె. మిగిలినయన్ని ఎందుకు తెచ్చినవ్?"

"చెప్తే వస్తుండెనా?"

"రాకపోదును," అంది. అబద్ధం చెప్పడం అక్కకు చేతకాదు. "గా ఇంట్ల నేనెట్లుంటినో నువ్వు చూసినవా? నైట్ డ్యూటీ చేసొస్తె అమ్మ మిషను, టీవీ, నీ ఫోను. సప్పుడు లేని జాగ బాత్రూమొక్కటే. ఆడ నల్లా ఇప్పుకొని కూసుండేదాన్ని. నువ్వేమో నీళ్లు ఖరాబు చేస్తున్నవని తలుపు కొట్టేటోనివి."

నిజమే. కొట్టేవాణ్ణి. నీళ్ల ట్యాంకరు వచ్చే రోజులు అవి.

"నాకు జాలి లేదనుకోకు," అంది. "నెలకోపారి అమ్మను పుట్టి ఎక్కియ్యి. ఆదివారం రానిస్తరు. గా దినం నువ్వు యాడికన్న పో. సినిమాకు పో, పెండ్లిచూపులకు పో. గింతకంటె నాతాన లేదు."

అది చాలదని చెప్పాలనుకున్నాను. ఆమె ఇవ్వగలిగింది అంతే అని కూడా తెలిసింది. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి నిప్పు మీద బూడిద కప్పాం. ఈసారి నాకు వచ్చింది.

పొద్దున ఎండ వచ్చింది. అలుగు తగ్గింది. పుట్టి అన్న ఇద్దరిద్దరిని చొప్పున ఒడ్డుకు చేరుస్తూ వచ్చాడు. చివరికి నేను మిగిలాను. నన్ను నా చోట కూర్చోబెట్టి, ఎదుటి ఖాళీ చోటు చూసి అక్క వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు రావా?"

"రానన్నా."

"గట్లయితె ఎట్ల? సారు ఒక్కడే అయితె పుట్టి బొంగరం లెక్క తిరుగుతది. తూకం కావాలె."

నేను చుట్టూ చూసేలోపే అక్క బండల దగ్గరికి పోయింది. ఒక రాయిని పొట్టకు ఆనించి మోసుకొచ్చింది. ఆయన చెయ్యి సాయం ఇవ్వబోతే వద్దంది. మోకాలు వంచి, తాను వచ్చేటప్పుడు కూర్చున్న చోటే దాన్ని దించి, రెండు చేతులతో అటూ ఇటూ కదిపి కుదురుగా కూర్చోబెట్టింది. పుట్టి సమంగా నిలబడింది.

"మంచి పని," అన్నాడు అన్న. "గిది అక్క కన్న నయం. నీళ్లు చల్లినా లొల్లి చెయ్యదు."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను కానీ నాది సగంలోనే ఆగింది. తెడ్డు పడింది. దీవి ఒకసారి ఎదురుగా, ఒకసారి వీపు వెనక, తిరుగుతూ దూరమైంది. అక్క వంటపాక దగ్గరికి నడిచిపోయింది. కాసేపటికి చూరు మీదుగా పొగ లేచింది.

కట్ట మీద అమ్మ నిలబడి ఉంది. దూరం నుంచే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పుట్టిలో తలలు లెక్కపెడుతోందని తెలుస్తోంది. ఏం చెప్పాలో ఆలోచిద్దామనుకున్నాను. పాయింట్లు ఏవీ రాలేదు. ఒడ్డుకు తగలగానే అమ్మ నా మీదుగా పుట్టిలోకి వంగి చూసింది.

"ఏదిరా అక్క?"

"ఆడనే ఉన్నది అమ్మా. మంచిగున్నది. నేనొచ్చిన."

 నేను కట్ట మీద అడుగు పెట్టగానే నా పక్క బరువు దిగి, పుట్టి రాయి వైపు ఒరిగింది. అన్న దాన్ని కాలితో ఆపి, రాయిని తీసి ఒడ్డున పెట్టబోయాడు.

"ఉండనియ్ అన్నా," అన్నాను. "వచ్చే నెల ఆదివారం అమ్మ ఒక్కతే పోతది. అప్పుడు తూకానికి కావాలె."

అమ్మ నా వంక చూసింది, రాయి వంక చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కట్ట మీదే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.